రిజిస్టరు వీలునామా చూసి స్థలం కొంటున్నారా? కాస్త ఆగండి

కావలిలో 36 అంకణాల ఇంటి స్థలం ఒకటి మళ్లీ బేరానికి వచ్చిందని మొన్న తెలిసింది. నేను 3 లక్షలు బయానా ఇచ్చి ఇరుక్కున్న స్థలం అదే. అందుకే ఇది రాస్తున్నాను.

అమ్మేది ఆ ఇంటి పెద్ద కొడుకు. తండ్రి 2012లో రిజిస్టరు చేయించిన వీలునామా చూపించారు. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయిస్తే మచ్చ లేదు. పైగా బ్యాంకు డిపాజిట్ల కాగితాలు కూడా తెచ్చి, "అన్నింటికీ నాన్న నన్నే నామినీగా పెట్టారు సార్, ఇంకా అనుమానం దేనికి?" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. కానీ నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప హక్కుదారు కాడని సుప్రీంకోర్టు 1984లోనే ఒక బీమా కేసులో చెప్పిందట. షేర్ల విషయంలో 2023లో మళ్లీ చెప్పింది. (బీమా చట్టాన్ని 2015లో సవరించి దగ్గరి కుటుంబ సభ్యులైన నామినీలకు వేరే నియమం పెట్టారు. అది పాలసీ డబ్బు వరకే.) అసలు డిపాజిట్ నామినీకీ ఇంటి స్థలానికీ ఏం సంబంధం? నాకు అప్పుడు తట్టలేదు.

రెండు నెలలకు ఒంగోలులో ఉండే ఆయన చెల్లెలి తరఫున నోటీసు వచ్చింది. జతచేసిన నకలు చూసి మొదట నవ్వొచ్చింది. గీతల నోటుపుస్తకంలోంచి చించిన కాగితం, స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. పెద్దవాడికి రాసిన స్థలంలో తూర్పు సగం కుమార్తెకు చెందాలని తండ్రి 2019లో స్వదస్తూరీతో రాసిన నాలుగు పంక్తులు, కింద ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు.

మా వకీలు నవ్వలేదు. దీన్ని కోడిసిల్ అంటారు, వీలునామాకు సవరణ అన్నమాట. మతి స్థిమితంగా ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అది నిజమైనదేనని కోర్టులో రుజువైతే, ముందుది రిజిస్టరు వీలునామా అయినా సరే, ఈ కాగితం మార్చినంత మేరకు ఇదే చెల్లుతుంది.

ఈసీ తీసేది రిజిస్ట్రేషన్ ఆఫీసులోని ఒకటో పుస్తకం నుంచి. వీలునామాలు నమోదయ్యేది మూడో పుస్తకంలో. రాసినవారు చనిపోయాక ఎవరైనా దరఖాస్తు పెట్టి దాని నకలు తీసుకోవచ్చు. అయితే నోటుపుస్తకం కాగితం ఏ పుస్తకంలోనూ దొరకదు. కనుక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. అందులో పేరున్న ప్రతి ఒక్కరితో, ముఖ్యంగా పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న ఆడపిల్లలతో, మీరే మాట్లాడండి. అమ్మకపత్రంలో అందరి సంతకాలూ ఉండాలనండి. కుదరదంటే లేచి వచ్చేయండి.

నాకు ఒళ్లు మండింది ఆ కాగితం చూసి కాదు. మా అగ్రిమెంటుకు నాలుగు నెలల ముందే చెల్లెలు ఆ నకలును అన్నకు రిజిస్టరు పోస్టులో పంపారు. అందినట్టు ఆయన సంతకం చేసిన కార్డు కూడా నోటీసు వెంటే ఉంది. బయానా అడిగితే "కోర్టులో తేలాక చూద్దాం" అంటున్నారు.

ఆ స్థలానికి వీధి తూర్పునే ఉంది. పడమటి సగానికి దారే లేదు. కొత్తవారికి చూపించడానికి తీసుకెళ్లేదీ ఆ తూర్పు గేటు నుంచే.