ఖెనాడెన్‌డాల్‌కి ఒక పూట చాలదు

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి ఖెనాడెన్‌డాల్ అనే ఈ పాత ఊరికి కారులో సుమారు రెండు గంటలు. ఎన్2 హైవే మీద వెళ్లి కేలెడాన్ దగ్గర ఎడమకు తిరగాలి. బస్సులను నమ్ముకోవద్దు, అద్దె కారే మేలు. డ్రైవింగ్ మన దగ్గరలాగే ఎడమవైపు కాబట్టి టెన్షన్ లేదు.

చాలామంది పక్కనున్న గ్రేటన్‌లో దిగి, కాఫీలు తాగి, శనివారం సంత చూసి, ఖెనాడెన్‌డాల్‌లో ఒక అరగంట ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. బస వరకు గ్రేటనే నయం. కేప్‌టౌన్‌లోనే బియ్యం, పప్పు కొనుక్కుని, వంటగది ఉన్న కాటేజీ తీసుకున్నాం. శాకాహారులకు అదే సుఖం. కానీ పగలంతా ఖెనాడెన్‌డాల్‌కే ఇవ్వండి.

దక్షిణాఫ్రికాలో మొట్టమొదటి మిషన్ ఊరు, అంటే క్రైస్తవ మతప్రచారం కోసం వెలసిన ఊరు, ఇదే. 1738లో మొరావియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖకు చెందిన బోధకుడు గేయోర్గ్ ష్మిట్ ఇక్కడి మూలవాసులైన ఖోయీ ప్రజల మధ్య స్థిరపడ్డాడు. బాప్తిస్మాలిచ్చే అధికారం నీకు లేదంటూ కేప్‌లోని చర్చి పెద్దలు అభ్యంతరం పెట్టడంతో 1744లో వెళ్లిపోయాడు. 1792లో మరో ముగ్గురు మొరావియన్లు వచ్చేసరికి, ష్మిట్ దగ్గర బాప్తిస్మం తీసుకున్న లేనా అనే ఖోయీ స్త్రీ ముసలిదై ఉంది. ఆయనిచ్చిన కొత్త నిబంధన గ్రంథాన్ని గొర్రెతోలులో చుట్టి దాచుకుంది. ఆయన నాటిన పియర్ చెట్టు కింద జనాన్ని కూర్చోబెట్టి అది చదివి వినిపించేదట. దాదాపు 50 ఏళ్లు! ఈ ఊరిని నిలబెట్టింది ఆవిడేనని నా నమ్మకం. ఫలకాల మీద మాత్రం బోధకుల పేర్లే ముందు కనిపిస్తాయి.

ఓక్ చెట్ల నీడలోని చర్చి చౌకులో 1893 నాటి తెల్లటి చర్చి, పాత నీటి మర, మ్యూజియం ఉన్నాయి. దేశంలోకెల్లా పాతదని చెప్పే పైపు ఆర్గన్ మ్యూజియంలోనే ఉంది. వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. స్థానిక గైడ్‌ని తప్పక పెట్టుకోండి, ఆ డబ్బు దండగ కాదు.

1838లో ఇక్కడే దేశంలోని తొలి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల మొదలైంది. ‘కలర్డ్’ (అక్కడ మిశ్రమ జాతి వాళ్లకు వాడే పేరు) జనానికి పైచదువులు అక్కర్లేదంటూ 1926లో ప్రభుత్వం దాన్ని మూయించింది. ఆ భవనం ముందు నాకు కోపమొచ్చింది. 1995లో నెల్సన్ మండేలా కేప్‌టౌన్‌లోని తన అధ్యక్ష నివాసానికి ఈ ఊరి పేరే పెట్టారని ఆ తర్వాత విన్నప్పుడు నిజంగా సంతోషించాను.

చౌకు దాటి లోపలి వీధుల్లోకీ నడవండి. గడ్డికప్పు మట్టి ఇళ్లు కొన్ని ముచ్చటగా ఉన్నాయి, కొన్నింటికి వెంటనే మరమ్మతు కావాలి. నడక ఇష్టమైతే గ్రేటన్ నుంచి మెక్‌గ్రెగర్ అనే ఊరి వైపు 14 కిలోమీటర్ల కొండదారి ఉంది. దానికి పర్మిట్ ముందే తీసుకోవాలి.