పానిక్ అటాక్‌కి ఏది మేలు: గంటలో అణిచే మాత్రా, నెలకి పనిచేసే మాత్రా, థెరపీయా?

పానిక్ అటాక్ ఒక్కసారి వచ్చినవాళ్లకి దాని గురించి ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు. గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, చేతులు చల్లబడటం, ఇక నా పని అయిపోయిందనే భయం. ఆసుపత్రికి పరిగెత్తితే ఈసీజీ బాగానే ఉందంటారు. టెన్షన్ పెట్టుకోకండని ఒక చిన్న మాత్ర రాసిస్తారు. చాలామందికి అది ఆల్ప్రాజోలం గానీ క్లోనాజెపామ్ గానీ అవుతుంది. కొన్నాళ్లకి అసలు జబ్బు కంటే మరో దిగులు ఎక్కువవుతుంది: నేను ఈ మాత్రకి అలవాటు పడిపోయానా?

ఈ భయం ఉత్తది కాదు. కాకపోతే అది అన్ని మందులనూ ఒకే గాటన కట్టేస్తుంది. మా చిన్నమ్మ విషయంలో దగ్గరుండి చూశాను. ఏళ్ల తరబడి వేసుకుంటున్న ఆల్ప్రాజోలం మీద ఆమెకి అనుమానం లేదు, అది 'నిద్ర మాత్ర'. డాక్టరు కొత్తగా రాసిన ఎస్సిటాలోప్రామ్ మాత్రం 'మెంటల్ మందు, పట్టుకుంటే వదలదు' అని పక్కన పెట్టేసింది. భయపడాల్సింది దానికి సరిగ్గా తలకిందులుగా.

ఆల్ప్రాజోలం, క్లోనాజెపామ్, లోరాజెపామ్, డయాజెపామ్ అన్నీ బెంజోడయాజెపిన్లే. మెదడులో నరాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం ఉంది. ఈ మాత్రలు దాని ప్రభావాన్ని పెంచుతాయి. రోజూ వేసుకుంటే, బయటి నుంచి సాయం ఎలాగూ వస్తోందని మెదడు కొన్ని వారాల్లోనే తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. ఆ దశలో మాత్ర ఆపితే దడ, వణుకు, నిద్ర పట్టకపోవడం, మునుపటి కంటే ఎక్కువ భయం. చాలాకాలం వాడి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. దీనికి సాక్ష్యం మన తెలంగాణలోనే ఉంది. కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ ఆల్ప్రాజోలం, వార్తల్లో డైజోఫామ్ అని రాసే డయాజెపామ్ ఉన్నాయి. 2015లో ఎక్సైజ్ దాడులతో ఆ కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ల ఒంట్లోకి ఏ రోజు ఎంత మందు వెళ్లిందో ఎవరూ కొలవలేదు. డాక్టరు చీటీ మీద పావు మిల్లీగ్రాము వేసుకునే మనిషి పరిస్థితి అది కాదు. ఒంట్లో జరిగే మార్పు మాత్రం అదే రకానిది.

ఆల్ప్రాజోలంతో ఇంకో చిక్కుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. క్లోనాజెపామ్‌కి 30 నుంచి 40 గంటలు. అందుకే ఆల్ప్రాజోలం వేసుకునేవాళ్లకి తర్వాతి మాత్ర వేళ దగ్గరపడేసరికి గాభరా మొదలవుతుంది. అది మందు దిగిపోవడం వల్ల వచ్చిన గాభరా అయినా, జబ్బు ముదిరిందనే అనుకుంటారు. మాత్ర వేసుకోగానే తగ్గుతుంది కాబట్టి ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది.

అవసరమైనప్పుడే వేసుకుంటాను, రోజూ కాదు కదా అనేవాళ్లూ ఉన్నారు. శరీరం అలవాటు పడే ప్రమాదం ఆ పద్ధతిలో తక్కువే. అయితే పానిక్ సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, అరగంటలోపు దానంతట అదే దిగడం మొదలుపెడుతుంది. మింగిన మాత్ర బాగా పనిచేయడానికి అరగంట నుంచి గంట కావాలి. అంటే చాలాసార్లు పానిక్ దానికదే తగ్గుతుంటే పేరు మాత్రకి వస్తోంది. ఆ మాత్ర బ్యాగులో లేకపోతే బస్సెక్కలేని స్థితి అక్కడే మొదలవుతుంది. ఒళ్లు అలవాటు పడకపోయినా ధైర్యం ఆ స్ట్రిప్పుకి కట్టుబడిపోతుంది. నా దృష్టిలో ఇదే పెద్ద నష్టం, ఎందుకంటే భయం తనంతట తాను తగ్గుతుందని తెలుసుకునే అవకాశం ఆ మనిషికి ఎప్పుడూ దొరకదు.

ఇక రెండో రకం, ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి. ఇవి రోజూ వేసుకోవాలి, పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజులు గాభరా పెరగొచ్చు కూడా. చాలామంది మానేసేది అప్పుడే. అందుకే పానిక్ ఉన్నవాళ్లకి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. వికారం, లైంగిక ఇబ్బందులు ఉంటాయి. పాతికేళ్లలోపు వాళ్లని మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. వీటినీ ఒక్కసారిగా ఆపకూడదు. తల తిరగడం, కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం వస్తాయి. కానీ ఇంకో మాత్ర, ఇంకో మాత్ర అనే తహతహ వీటితో పుట్టదు. నయమయ్యాక కనీసం ఆరు నెలలు కొనసాగించి, నెమ్మదిగా తగ్గించుకుంటూ మానేయొచ్చు.

మూడోది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ. ఇది ఓదార్చే కౌన్సెలింగ్ కాదు. గుండె వేగంగా కొట్టుకోవడాన్ని గుండెపోటుగా చదువుకునే అలవాటును మార్పించే సాధన. మెట్లెక్కించి, సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్పించి, కుర్చీలో గిరగిరా తిప్పి, కావాలనే ఆ దడనీ ఆయాసాన్నీ రప్పిస్తారు. ఏమీ కాదని ఒళ్లే నేర్చుకుంటుంది. 1993లో వెలువడిన లండన్, టొరంటో అధ్యయనంలో ఆల్ప్రాజోలంతో వచ్చిన మెరుగుదల మందు ఆపాక నిలవలేదు. భయపడే చోటికి వెళ్లి నిలబడే సాధన చేసినవాళ్లకి నిలిచింది. సీబీటీకి ఉన్న లోటల్లా మన జిల్లా కేంద్రాల్లో నేర్పేవాళ్లు అరుదుగా ఉండటం, వారం వారం ఖర్చు.

నన్నడిగితే సీబీటీ దొరికితే అదే ముందు. దొరకకపోతే, లేదా ఇల్లు కదల్లేనంత తీవ్రంగా ఉంటే, రెండో రకం మాత్ర. బెంజోడయాజెపిన్ ఆ మాత్ర పట్టు చిక్కేదాకా రెండు నుంచి నాలుగు వారాలు, ఆపే తేదీ ముందే అనుకుని. బ్రిటన్ మార్గదర్శకాలైతే పానిక్ డిజార్డర్‌కి వీటిని అసలు రాయొద్దనే అంటాయి. మొదటి వారాల్లో మనిషి పడే నరకాన్ని చూశాక నేను అంత దూరం వెళ్లలేను. అయితే మద్యం తాగేవాళ్లకి, పడిపోయే ప్రమాదమున్న పెద్దవాళ్లకి ఆ నాలుగు వారాలు కూడా వద్దనే అంటాను.

ఒకసారి మీ స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడండి. ఎస్సిటాలోప్రామ్, క్లోనాజెపామ్ కలిపి ఒకే మాత్రగా మన దగ్గర విరివిగా అమ్ముతారు. వేసుకునేవాళ్లలో చాలామందికి లోపల రెండు మందులున్నాయని తెలియదు. ఒకటి నెలలు వాడాల్సింది, ఒకటి వారాల్లో ఆపాల్సింది, రెండూ కలిసి ఏళ్లు సాగుతాయి. విడివిడిగా రాయమని డాక్టరుని అడగడం మీ హక్కు.

ఏళ్లుగా వాడుతున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రే మాత్ర పారేయకండి, దయచేసి. రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున, డాక్టరు పర్యవేక్షణలో తగ్గించాలి. నెలలు పట్టినా పర్వాలేదు. మధ్యలో కష్టమైతే అక్కడే ఆగొచ్చు. సైకియాట్రిస్ట్ దగ్గర్లో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందు పేరు, మోతాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో కాగితం మీద రాసి పెట్టుకుని చేస్తే మాట త్వరగా తెములుతుంది.