బ్యాగులేసిన ఎస్‌10కి ఏ షాకులు? వాడి చూశాక నా మాట

స్ప్రింగుల బదులు ఎయిర్ బ్యాగులు (గాలి నింపే రబ్బరు సంచులు) వేసిన ట్రక్కుకి షాకులు, అంటే ఊగుడు ఆపే షాక్ అబ్జార్బర్లు, కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది బ్రాండు పేరు. నేనైతే ముందు టేపు పట్టుకుని బండి కిందికి దూరమంటాను. పొడవు కుదరని ఖరీదైన షాక్ కంటే, కుదిరిన మామూలు షాక్ నయం. కొన్నేళ్లుగా ఆఫీసుకి, కూరగాయలకి, అప్పుడప్పుడు ఊరి బయటికి కూడా ఇదే బండిలో తిరుగుతూ చెబుతున్న మాట.

బండి 1998 షెవ్రోలే ఎస్‌10 పికప్ ట్రక్కు, టూ వీల్ డ్రైవ్, సింగిల్ క్యాబ్. ఉండేది అమెరికాలో హ్యూస్టన్ దగ్గర. నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ బ్యాగులే. వెనక కంపెనీ ఇచ్చిన కమాన్ కట్టలు తీసేసి ఫోర్ లింక్ (ఇరుసుని పట్టి ఉంచే నాలుగు కడ్డీలు) కట్టారు. గాలి వదిలితే ఫ్రేమ్ నేలకి ఆనుతుంది, నింపితే మామూలు బండిలా లేచి నిలబడుతుంది. నేను కొనేసరికే ఈ పని అంతా అయిపోయి ఉంది. లేనివల్లా ముందు షాకులే.

ఇది ఈ ఒక్క బండి కథ కాదు. టూ వీల్ డ్రైవ్ ఎస్‌10లో ముందు షాక్ కాయిల్ స్ప్రింగ్ మధ్యలో నిలువుగా ఉంటుంది. స్ప్రింగ్ తీసి ఆ చోట బ్యాగు పెడితే షాక్‌కి చోటే మిగలదు. దాన్ని పక్కకి జరపాలంటే ఫ్రేమ్‌కి ఒక బ్రాకెట్, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌కి ఒక బ్రాకెట్ వెల్డింగ్ చేయాలి. ఆ శ్రమ తప్పించుకోవడానికి కొందరు అసలు షాకే వేయరు. నా బండికి పని చేసిన షాపాయన పాత ఓనరుకి "బ్యాగే షాక్ పని కూడా చేస్తుంది" అని చెప్పాడట. ఏటా ఫిబ్రవరిలో హ్యూస్టన్ దగ్గరి కాన్రోలో లోన్ స్టార్ త్రోడౌన్ అనే మార్పులు చేసిన ట్రక్కుల ప్రదర్శన జరుగుతుంది. అక్కడ వంగి చూస్తే కనబడుతుంది, కింద కూడా అద్దంలా మెరిసే పెయింటు వేసిన బండ్లలో కొన్నిటికి ముందు షాకులుండవు.

బ్యాగు షాక్ పని చేయదు. అది స్ప్రింగు మాత్రమే. గుంతలో పడ్డప్పుడు మింగిన శక్తిని దాదాపు అంతా తిరిగి బండి మీదికే తోస్తుంది. ఆ ఊగుడుని వేడిగా మార్చి చల్లార్చేది షాక్‌లోని నూనె. కమాన్ కట్టల విషయం వేరు. పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకోవడం వల్ల ఆ కట్టే కొంత ఊగుడుని ఆపుతుంది. విజయవాడ ఆటోనగర్‌కి వచ్చే పాత లారీల్లో షాక్ నూనె ఎప్పుడో కారిపోయినా బండి నడుస్తూనే ఉంటుంది, అందులో సగం పుణ్యం ఆ రాపిడిదే. కట్టలు తీసేసి ఫోర్ లింక్, బ్యాగు పెట్టామంటే ఆ రాపిడి పోయినట్టే. ఇక మొత్తం భారం షాక్‌దే. గరుడ బస్సు కింద ఎప్పుడైనా తొంగి చూస్తే గాలి బెల్లోస్ పక్కనే షాకులు కూడా ఉంటాయి. కంపెనీలు ఊరికే ఖర్చు పెట్టవు కదా.

షాకుల్లేకుండా నడిపితే ఎలా ఉంటుందో హ్యూస్టన్‌లోని కేటీ ఫ్రీవే మీద బాగా తెలిసొచ్చింది. కాంక్రీటు పలకల మధ్య అతుకులు ఒకే దూరంలో వస్తుంటాయి. ఒక వేగం దగ్గర ఆ దెబ్బల లయ, బండి ఊగే లయ కలిసిపోయి ముక్కు పైకీ కిందికీ ఆడటం మొదలుపెడుతుంది. వేగం తగ్గించేదాకా ఆగదు. బ్రేకు కొడితే వంగి, లేచి, మళ్లీ వంగేది. ముందు టైర్లు అక్కడక్కడా పల్లాలు పడి అరిగాయి. టైరు రోడ్డుని సరిగ్గా అంటిపెట్టుకుని ఉండటం లేదనడానికి అదే గుర్తు.

ఇక కొలతలు. గాలి పూర్తిగా వదిలేసి షాక్ బిగించే పై మౌంటుకీ కింది మౌంటుకీ మధ్య దూరం కొలవండి. షాక్ పూర్తిగా మూసుకున్నప్పటి పొడవు ఇంతకంటే కనీసం అర అంగుళం తక్కువ ఉండాలి. లేదంటే బండి బరువు ఫ్రేమ్ మీద కాక షాక్ రాడ్ మీద కూర్చుంటుంది. తర్వాత బండిని పూర్తిగా లేపి కొలవండి. షాక్ పూర్తిగా సాగిన పొడవు దీనికంటే ఎక్కువ ఉండాలి. పైకి లేవకుండా ఆపే పని షాక్‌కి అప్పగించకూడదు, దానికి లిమిట్ స్ట్రాప్ (ఒక హద్దు దాటి సాగనివ్వని పట్టీ) వేసుకోవాలి. మూడో కొలత చాలామంది మర్చిపోతారు: రోజూ నడిపే ఎత్తులో రాడ్ దాదాపు సగం బయట ఉండాలి. మరీ లోపలికి ఉంటే ప్రతి గుంతకీ అడుగు తగులుతుంది. మరీ బయటికి ఉంటే చక్రం గుంతలోకి దిగేటప్పుడు లాగిపెట్టి ఆపేస్తుంది.

నా బండి వెనక షాక్‌ని నిలువుగా పెడితే మౌంటుల మధ్య దూరం గాలి వదిలినప్పుడు 11 అంగుళాలు, పైకి లేపితే 18. అంటే 7 అంగుళాల స్ట్రోక్ (రాడ్ కదిలే దూరం) కావాలి. కానీ కళ్లు (బోల్టు పట్టే చివరి రింగులు), రాడ్ గైడు, పిస్టన్ కలిపి షాక్‌లో కదలని భాగమే 5 అంగుళాల దాకా ఉంటుంది. 7, 5 కలిపితే మూసుకున్న పొడవు 12. ఉన్న చోటు 11. ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు. దారి ఒక్కటే, పై మౌంటుని ఫ్రేమ్‌లో ఇంకా పైకి తీసుకెళ్లి షాక్‌ని లోపలికి వాల్చడం. అలా చేశాక 6 అంగుళాల స్ట్రోక్ సరిపోయింది.

వాల్చడానికీ ఒక హద్దుంది. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలిస్తే షాక్ బలంలో చక్రానికి అందేది ముప్పాతిక వంతు. 45 డిగ్రీలకి సగమే. చోటు కలిసొస్తుందని మరీ పడుకోబెడితే ఎంత ఖరీదైన షాకైనా ఉత్త అలంకారం. నేను 30 లోపు ఆపాను, అదీ నడిపే ఎత్తులో కొలిచి. గాలి వదిలినప్పుడు కోణం ఇంకా వాలుతుంది కానీ అప్పుడు బండి నిలబడి ఉంటుంది కాబట్టి పట్టింపు లేదు. ఇంకో మాట, బ్యాగు ఉబ్బినప్పుడు షాక్‌కీ దానికీ మధ్య కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. రబ్బరు రాసుకుంటే ఎక్కువ కాలం నిలవదు.

రకం విషయానికొస్తే, ఒక ఫ్రెండ్ దగ్గర బిల్‌స్టీన్ కంపెనీ మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న) షాకుల జత తీసుకుని వెనక కొన్నాళ్లు వాడాను. రోడ్డు మీద ఆ నడక వేరే స్థాయి, నిజంగా బాగుంది. కానీ మోనోట్యూబ్‌లో గ్యాస్ గది కూడా అదే గొట్టంలో నూనె కిందో పైనో ఉంటుంది కాబట్టి అదే స్ట్రోక్‌కి పొడవు ఎక్కువ. నా ఫ్రేమ్ నేలకి ఆనలేదు. నేలకి ఆననప్పుడు ఇన్ని గొట్టాలు, వాల్వులు, కంప్రెసర్లు ఎందుకని తిరిగిచ్చేశాను. మోనోట్యూబ్ గ్యాస్ ఒత్తిడి బండిని పైకి తోసేస్తుందని భయపెట్టేవాళ్లున్నారు. 14 మిల్లీమీటర్ల రాడ్, 200 పీఎస్ఐ గ్యాస్ అనుకుంటే ఒక్కో షాక్ తోసేది 50 పౌండ్ల లోపే. దానికి అంత టెన్షన్ అక్కర్లేదు.

చివరికి ముందు జతగా క్యూఏ1 కంపెనీ డబుల్ అడ్జస్టబుల్, వెనక అదే కంపెనీ సింగిల్ అడ్జస్టబుల్ పెట్టాను. రెండూ ట్విన్ ట్యూబే (గొట్టంలో గొట్టం ఉండే రకం), అందుకే పొట్టిగా దొరికాయి. ట్విన్ ట్యూబ్‌ని తలకిందులుగా బిగించకూడదు, అది గుర్తుంచుకోండి. ముందువాటికి కంప్రెషన్‌కి (షాక్ మూసుకునేటప్పటి బిగింపు) 18 క్లిక్కులు, రీబౌండ్‌కి (సాగేటప్పటి బిగింపు) 18 క్లిక్కులు. 18 ఇంటూ 18, మొత్తం 324 సెట్టింగులు. నాకు పనికొచ్చినవి నాలుగైదు.

బ్యాగుల బండికి రీబౌండే ముఖ్యం. నొక్కుకున్న గాలి వెనక్కి తన్నేటప్పుడు పట్టుకోవాల్సింది అదే. నేను పూర్తి మెత్తటి వైపు నుంచి మొదలుపెట్టి, ఒకే రోడ్డు మీద, రెండేసి క్లిక్కులు పెంచుకుంటూ వెళ్లాను. ఊగుడు ఆగిన చోట ఆపాలి. ఇంకా బిగిస్తే వరుస గతుకుల మీద చక్రం పూర్తిగా దిగేలోపే తర్వాతి దెబ్బ తగిలి, బండి కొంచెం కొంచెంగా కుంగిపోతుంది. గాలి లీకవుతోందేమో అనిపిస్తుంది, కారణం షాక్ బిగింపు. ఇప్పుడు ముందు రీబౌండ్ 8, కంప్రెషన్ 4 దగ్గర ఉంది. వెనక నాబ్ ఒక్కటే, అది రెండిటినీ కలిపి మారుస్తుంది. ట్రక్కులో బరువేసినప్పుడు బ్యాగుల్లో గాలి పెంచాలి, గాలి పెరిగితే స్ప్రింగు కూడా గట్టిపడుతుంది, కాబట్టి వెనక రెండు క్లిక్కులు ఎక్కిస్తాను. ఈ ఒక్క సౌకర్యానికే అడ్జస్టబుల్ కొనొచ్చు. ఎప్పుడూ ఖాళీగా, ఒకే ఎత్తులో నడిపేవాళ్లకి మాత్రం సరైన పొడవున్న మామూలు షాకులు చాలు. మిగిలిన డబ్బు బ్రాకెట్ల వెల్డింగ్‌కి పెట్టండి.

ఇండియాలో ఉన్న మా బావమరిది నా బండి వీడియో చూసి "బావా, మన బొలెరో పికప్‌కి కూడా వేద్దామా" అన్నాడు. వద్దన్నాను. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అక్కడ కుదరదు.

ఇన్నాళ్ల వాడకంలో షాకులు కారలేదు, కేటీ ఫ్రీవే మీద ముక్కు ఆడటం పోయింది, ఇప్పటి టైర్లు సమంగా అరుగుతున్నాయి. బ్రేకు కొడితే ఒక్కసారి వంగి ఆగుతుంది. నాబ్‌ల దగ్గర బురద చేరి బిగుసుకోకుండా కడిగిన ప్రతిసారీ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి మళ్లీ లెక్కపెట్టి పెడతాను. ముందు జత కింది కళ్లకి పాలీయురేథేన్ బుష్‌లున్నాయి. అవి ఎండిపోతే కీచుమంటున్నాయి, గ్రీజు పెడితే కొన్నాళ్లు ఊరుకుంటున్నాయి. ఈసారి విప్పినప్పుడు మామూలు రబ్బరు బుష్‌లే వేస్తాను.