లారీకి ‘రెడీ ఇంజన్’ వేయిస్తున్నారా? పాత ఇంజన్ అప్పగించే ముందు ఇది చదవండి

వరంగల్, హన్మకొండ, భూపాలపల్లి, కరీంనగర్ వైపు సొంత లారీ మీద బతికే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. బండి ఇంజన్ పోయి షెడ్డులో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి "బోరింగ్ దండగ, రెడీ ఇంజన్ ఉంది, రేపటికల్లా బండి రోడ్డెక్కుతుంది" అంటే కాస్త ఆగండి. బోరింగ్ అంటే సొంత ఇంజన్ సిలిండర్లను మళ్లీ కోసి బాగుచేయించడం, రెడీ ఇంజన్ అంటే వెంటనే బిగించడానికి సిద్ధంగా ఉంచిన సెకండ్ హ్యాండ్ ఇంజన్. ముఖ్యంగా పాత ఇంజన్‌ను ఎక్స్‌ఛేంజ్ కింద ఇవ్వకండి.

మా అన్నది పాత టాటా లారీ. 6 సిలిండర్ల కమిన్స్ 5.9 లీటర్ల ఇంజన్. భూపాలపల్లి నుంచి బొగ్గు లోడుతో వస్తుంటే పరకాల దాటాక రేడియేటర్ హోస్ పగిలింది. డ్రైవర్ చూసుకునేలోపే ఇంజన్ బాగా వేడెక్కింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిసిన టీలా ఉంది. అంటే నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. అలా కలిసినంత మాత్రాన ఇంజన్ మొత్తం పోయినట్టు కాదు. హెడ్‌కు (ఇంజన్ పైభాగం), బ్లాక్‌కు (సిలిండర్లుండే దిమ్మ) మధ్య గ్యాస్కెట్ కాలి ఉండొచ్చు, హెడ్ ఒంపు తిరిగి ఉండొచ్చు, బ్లాక్ పగిలి ఉండొచ్చు. ఏది అనేది విప్పి కొలిస్తేనే తెలుస్తుంది. వచ్చిన మెకానిక్ మాత్రం ఒక్క బోల్టు కూడా తిప్పకుండానే "బ్లాక్ పోయిందన్నా" అని తేల్చేశాడు. సెకండ్ హ్యాండ్ ఇంజన్లు అమ్మే షాపుకు తీసుకెళ్లిందీ అతనే.

అక్కడ చూపించిన ఇంజన్‌కు తాజాగా పెయింట్ వేసి ఉంది. "యాక్సిడెంటైన బండిది, తక్కువ తిరిగింది" అన్నారు. స్టార్ట్ చేస్తే పొగ లేదు, శబ్దం లేదు. మేం వెళ్లేసరికే ఇంజన్ వెచ్చగా ఉంది. అది గుర్తు పెట్టుకోండి. అరిగిపోయిన ఇంజన్ బండారం చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే బయటపడుతుంది. రేటు లక్షా అరవై వేలు, పాత ఇంజన్ వాళ్లకే. బిల్లు అడిగితే ఒక చిట్టీ రాసిచ్చారు. గ్యారంటీ అంటే స్టార్టింగ్ గ్యారంటీయేనట. ఇంజన్ స్టార్ట్ అయితే చాలు, వాళ్ల బాధ్యత అక్కడితో సరి.

నెల తిరగకముందే బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే గొట్టం) నుంచి పొగ మొదలైంది. లోడుతో వచ్చి ఆగితే ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయేది. ఈ ఇంజన్‌కు వేడెక్కాక కూడా ఐడిల్‌లో కనీసం 10 పీఎస్‌ఐ, ఫుల్ స్పీడులో 30 పీఎస్‌ఐ ఉండాలి. మాది ఆ పదికి కూడా నిలవలేదు. ఈసారి తెలిసిన లేత్ మేస్త్రీ దగ్గర దింపించాం. ఆయన క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) మోసే మెయిన్ బేరింగ్ షెల్ ఒకటి తీసి, వెనకవైపు గుడ్డతో తుడిచి మా అన్న చేతిలో పెట్టాడు. దాని మీద 1.00 అని పంచ్ ఉంది. క్రాంక్ అరిగినప్పుడు గ్రైండ్ చేసి సన్నబరిచేకొద్దీ అందుకు తగ్గట్టు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల అండర్‌సైజ్ బేరింగులు వేస్తారు. 1.00 అంటే ఇంక గ్రైండింగ్‌కు చోటు లేదు. ఆ షెల్ కూడా అరిగి రాగి కనపడుతోంది. ఇక బోర్ల సంగతి. ఈ బ్లాక్‌కు కంపెనీ నుంచి లైనర్లు (బోరులో దింపే విడి గొట్టాలు) ఉండవు, 102 మిల్లీమీటర్ల బోరు నేరుగా బ్లాక్‌లోనే ఉంటుంది. ఓవర్‌సైజ్ పిస్టన్లకు కూడా చోటు అయిపోయాకే మామూలుగా స్లీవ్ (అలాంటి గొట్టమే) దింపుతారు. మాకు అమ్మిన దాంట్లో రెండు సిలిండర్లకు స్లీవులు కనిపించాయి. తక్కువ తిరిగిన బండి ఇంజన్ అంట!

దీనికంటే పెద్ద టెన్షన్ ఇంజన్ నెంబర్ది. కొన్న ఇంజన్ మీద నెంబర్ ఉండే చోట అరగదీసి మళ్లీ పంచ్ కొట్టినట్టు గీతలున్నాయి. ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. సరైన కాగితం లేని ఇంజన్‌ను ఆర్‌సీలో ఎలా ఎక్కించుకుంటాం? ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. క్లెయిమ్ వస్తే ఇన్సూరెన్స్ సర్వేయర్ కూడా నెంబర్ చూస్తాడు. ఇటు మన ఆర్‌సీలో ఉన్న నెంబర్ గల పాత ఇంజన్ వాళ్ల చేతిలో ఉంది. అది రేపు ఏ దొంగ బండిలో తేలినా మనల్నే అడుగుతారు. అందుకే స్టేషన్‌లో ఆ నెంబర్‌తో కాగితం ఇచ్చి రసీదు తీసుకున్నాం.

నన్నడిగితే రిపేరా, మార్చడమా అనేది మైక్రోమీటర్‌తో తీసిన కొలత తేల్చాలి, బేరం చేసేవాడు కాదు. హెడ్‌ను ప్రెషర్ టెస్ట్ చేయించండి, స్కేలు పెట్టి ఒంపు చూపించమనండి. బ్లాక్‌లో పగులు లేకపోతే, క్రాంక్ ఇంకా స్టాండర్డ్‌లోనో 0.25లోనో ఉంటే సొంత ఇంజనే చేయించుకోవడం మేలు. వారం పది రోజుల కిరాయి పోతుంది, నిజమే. కానీ లోపల ఏం వేశారో మీకు తెలుస్తుంది, ఆర్‌సీ జోలికి పోనక్కర్లేదు. కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపేది) బ్లాక్‌ను చీల్చుకుని బయటికొస్తే అప్పుడు మార్చక తప్పదు. అప్పుడు కూడా డబ్బు కట్టే ముందు ఆయిల్ చాంబర్ దింపించి, బేరింగులను పట్టి ఉంచే మూతల్లో ఒక మెయిన్ క్యాప్, ఒక రాడ్ క్యాప్ విప్పించి షెల్ వెనక అంకె చూడండి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను విప్పి అదే చోట బోర్లించి పెట్టండి. మూత ఎగిరెగిరి పడుతుంటే రింగులు పోయినట్టే. షాపువాడు విప్పనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్న వాళ్లకు ఒక మాట. వ్యాపారానికి కొన్న వస్తువుకు వినియోగదారుల కమిషన్ వర్తించదని షాపువాళ్లు బెదిరిస్తారు. 2019 చట్టం ప్రకారం సొంతంగా పని చేసుకుని పొట్టపోసుకోవడానికే కొన్నది వ్యాపారం లెక్కలోకి రాదు. ఒక్క లారీతో బతికేవాళ్లు జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు కూడా ఫోన్ చేయొచ్చు. చిట్టీ, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, విప్పినప్పుడు తీసిన షెల్ ఫొటోలు, లేత్ మేస్త్రీ రాసిచ్చిన కొలతలు మేం దాచిపెట్టాం. మీరూ విప్పేటప్పుడే వీడియో తీయించండి. మళ్లీ బిగించాక చూపించడానికి ఏమీ మిగలదు.