మాట్లాడుకోనిచ్చే స్టడీ హాల్

విజయవాడలో స్టడీ హాల్ అంటే ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. ప్లైవుడ్ అడ్డం పెట్టిన చిన్న చిన్న బల్లలు, ఒక్కో బల్లకి ఒక లైటు, ఒక ప్లగ్గు, గోడ మీద 'నిశ్శబ్దం' అని ఒక అట్ట. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదివేవాళ్లకి అది చాలు. కేస్ ఇంటర్వ్యూలకి తయారయ్యేవాళ్లకి చాలదు. ఒక కంపెనీ సమస్య ఇచ్చి, దాన్ని అక్కడికక్కడే మాట్లాడుతూ విప్పమనే ఇంటర్వ్యూలు ఇవి, అందుకే మా చదువంతా నోటితోనే. దసరా సెలవల్లో పన్నెండు రోజులు మొగల్రాజపురంలోని ఈ హాల్‌కి వెళ్లాను. మేడ మీద మాట్లాడుకోవడానికి విడిగా ఒక గది ఉంది, ఈ రివ్యూ రాస్తున్నది ముఖ్యంగా ఆ గది గురించే.

నేను ఎంబీయే మొదటి సంవత్సరం. కాలేజీలో చేరి నాలుగు నెలలు కూడా కాకముందే సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు మీదకొచ్చేస్తాయి. డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో ఇంకా కుదురుకోలేదు, ఈలోపే రెజ్యూమె సీనియర్లకి చూపించి దిద్దించుకోవడం, షార్ట్‌లిస్ట్ కోసం రాత్రిళ్లు మెయిల్ చూసుకుంటూ కూర్చోవడం. ఇంటికొచ్చేసరికి రెండు కన్సల్టింగ్ కంపెనీల (వేరే కంపెనీలకి సలహాలిచ్చేవి) షార్ట్‌లిస్ట్‌లో పేరుంది, కానీ ప్రాక్టీసుకి చేసిన కేసులు తొమ్మిదే. ముప్పై అయినా చెయ్యమని సీనియర్లు చెప్పారు. ఇంట్లో పండక్కి వచ్చిన చుట్టాలు, హాల్లో టీవీ. ఫోన్లో గట్టిగా "క్లయింట్ లాభాలు ఎందుకు తగ్గాయంటే" అని మొదలుపెడితే మా పిన్ని వచ్చి ఎవరికేమైందమ్మా అని అడిగేది.

ఈ హాల్‌లో నెలకి 1,200. పన్నెండు రోజులే వస్తానంటే హాల్ నడిపే మాస్టారు 600 తీసుకున్నారు. పై గదికి గంటకి 40 రూపాయలు వేరే. నలుగురు పట్టే బల్ల, పెద్ద వైట్‌బోర్డు, తలుపు వేస్తే కిందికి వినపడదు. అంతకుముందు నేను ఆన్‌లైన్‌లో మూడు మాక్ (ప్రాక్టీసు) ఇంటర్వ్యూలకి 6,000 కట్టాను, పేరు చెప్పను. మూడుసార్లూ చివర్లో "కాన్ఫిడెన్స్ పెంచుకోండి" అన్నారు, ఎక్కడ తప్పానో ఒక్కసారీ చెప్పలేదు.

నాతో కేసులు ప్రాక్టీసు చేసే పార్ట్‌నర్‌ది గుంటూరు, రోజూ బస్సులో వచ్చేది. వాళ్ల నాన్నగారిది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. కేస్‌బుక్‌లో, అంటే ప్రాక్టీసు కేసుల పుస్తకంలో, విమానాల కంపెనీలు, సిమెంటు ఫ్యాక్టరీలు చేసి చేసి ఇద్దరికీ విసుగొచ్చింది. నాలుగో రోజు తనే "మా ఊరి కేసు ఇస్తా చెయ్యవే" అంది. క్లయింట్‌కి గుంటూరు పక్కన కోల్డ్ స్టోరేజీ ఉంది, రెండేళ్లుగా లాభం తగ్గుతోంది, ఎందుకు?

బోర్డు మీద గీత గీసి ఒక పక్క ఆదాయం, ఒక పక్క ఖర్చు రాశాను. ఆదాయం అంటే ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పడతాయి, అందులో ఎంత నిండింది, టిక్కీకి అద్దె ఎంత. ఖర్చు అంటే కరెంటు, హమాలీ, ఇన్సూరెన్స్, బ్యాంకు వడ్డీ. అద్దె మారలేదు, నిండేది తగ్గింది అని తను చెప్పగానే "పంట తగ్గి ఉంటుంది" అనేశాను. "ఊహించకు, అడుగు" అంది. అడిగితే పంట బాగానే ఉంది, పక్కనే కొత్త స్టోరేజీ వచ్చింది, అద్దె కూడా ఇంతే. మరి రైతు అటెందుకు వెళ్తున్నాడు? ఐదు నిమిషాలు కొట్టుకున్నాను. కొత్తవాళ్లు సరుకు మీద బ్యాంకు అప్పు తొందరగా ఇప్పిస్తున్నారట. రేటు వచ్చేదాకా సరుకు ఆపుకోవాలంటే చేతిలో డబ్బు ఉండాలి కదా, రైతుకి అదే ముఖ్యం. ఇంకోటి కూడా ఆ రోజే తలకెక్కింది, సగమే నిండినా గదిని చల్లగా ఉంచడానికి కరెంటు మరీ సగానికేం తగ్గదు, అందుకే నిండేది కాస్త తగ్గినా దెబ్బ నేరుగా లాభానికి తగులుతుంది. ఫిక్స్‌డ్ కాస్ట్ అని క్లాసులో ఎన్నిసార్లు విన్నా నాకు అంత స్పష్టంగా అర్థం కాలేదు.

కన్సల్టింగ్ కంపెనీలైన బీసీజీ, బెయిన్ ఇంటర్వ్యూల్లో మామూలుగా కేసుని మనమే నడపాలి, మెకిన్సీలో ప్రశ్నలు వాళ్లే వరుసగా వేస్తారు. ఒక రోజు ఆ పద్ధతి, ఒక రోజు ఈ పద్ధతి చేశాం. సమయం చూసుకోవడానికి గోడ గడియారం, గీయడానికి బోర్డు, ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూసే మనిషి, ఈ మూడూ ఉంటే తేడా బాగా తెలుస్తుంది.

మాస్టారు లెక్కల టీచరుగా రిటైరయ్యారు. ఒకసారి పైకి వచ్చినప్పుడు నేను 480లో పదిహేడున్నర శాతం కోసం కాగితం మీద గుణకారం చేస్తున్నాను, క్యాలిక్యులేటర్ ఇవ్వరు కాబట్టి. "అంతెందుకమ్మా, పది శాతం 48, అందులో సగం 24, దానిలో సగం 12, మొత్తం 84" అని మార్కర్ తీసుకుని రాసి వెళ్లిపోయారు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే శాతాల లెక్కలు ఒక పది నోటితో చేసుకుంటున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. పై గదికి ఏసీ లేదు, ఇన్వర్టర్ కింది హాల్‌కే, కరెంటు పోతే పైన ఫ్యాన్ ఆగిపోతుంది. సాయంత్రం వైఫై బాగా నెమ్మదిస్తుంది, సీనియర్‌తో వీడియో మాక్ రెండుసార్లు మధ్యలో తెగింది, నాకు మళ్లీ టైమ్ ఇచ్చారు కాబట్టి సరిపోయింది. బుకింగ్ అంతా నోటు పుస్తకంలోనే, ఒకరోజు అదే గంటకి గ్రూప్-1 ఇంటర్వ్యూకి ప్రిపేరయ్యే ముగ్గురు కూడా పేరు రాశారు, సగం సగం పంచుకున్నాం. దసరా రోజుల్లో ట్రాఫిక్ మళ్లింపులుంటాయి, బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లు అది చూసుకోవాలి. మూలా నక్షత్రం రోజు అమ్మవారి సరస్వతీ అలంకారానికి వచ్చే జనంతో మా పార్ట్‌నర్ బస్సు కదల్లేదు, ఆ రోజు కేసు ఫోన్లోనే చేశాం.

సెలవలయ్యేసరికి నా లెక్క ఇరవై ఆరు కేసులు. ఇంటర్వ్యూలకి ఇంకా మూడు వారాలుంది, టెన్షన్ ఉంది, కానీ ప్రశ్న వినగానే గుండె దడదడలాడటం తగ్గింది.

వెళ్లేవాళ్లు పై గది ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా తీసుకోండి, ఎండ రాదు, వైఫై కూడా బాగుంటుంది. మార్కర్లు మాత్రం మీవే తీసుకెళ్లండి.