బిళ్ళ బాగుంది, తాడు కన్నమే లేదు

‘బైజాంటియం సీసపు ముద్రల నమూనాలు’ అని ఓ ఆన్‌లైన్ దుకాణంలో చూసి తెప్పించాను. 1,250 రూపాయలు. రెండు బిళ్ళలు, ఓ రేకు డబ్బా, వివరాల కాగితం. విజయనగరానికి చెప్పిన రోజుకే వచ్చింది, ప్యాకింగ్‌కి వంక పెట్టక్కర్లేదు. గొడవంతా సరుకుతోనే.

నేను కరెంటాఫీసులో చేసి రిటైరైనవాణ్ణి. మీటరుకు సీలేసేటప్పుడు తీగను సీసపు బిళ్ళ కన్నంలోంచి దూర్చి ప్లయర్‌తో నొక్కితే కన్నం మూసుకుని తీగ బిగుసుకుపోయేది, ప్లయర్ దవడల్లోని మా సెక్షన్ గుర్తు బిళ్ళ మీద పడేది. బైజాంటియం సామ్రాజ్యంలో, అంటే కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) చక్రవర్తుల కింద పనిచేసిన అధికారులు వెయ్యేళ్ళ కిందట చేసిందీ ఇదే. వాళ్ళ ఇనుప పనిముట్టు పేరు బుల్లొటేరియన్. రెండు దవడల్లోనూ అక్షరాలు తిరగేసి చెక్కి ఉంటాయి. సీసం పోతపోసేటప్పుడే బిళ్ళ మందంలో ఈ అంచు నుంచి ఆ అంచుకు సన్నని కాలువ వదిలేవారు. ఉత్తరానికి కట్టిన తాడు అందులోంచి పోనిచ్చి, దవడల మధ్య పెట్టి, సుత్తితో కొట్టేవారు. దెబ్బ పక్కకు పడితే సగం అక్షరాలు గల్లంతే. ఆ కాలువ దగ్గర బలం తక్కువ కాబట్టి ఇప్పుడు దొరికేవాటిలో చాలా బిళ్ళలు అక్కడే చీలి ఉంటాయి. ఉత్తరాలూ తాళ్ళూ దాదాపు అన్నీ మట్టిలో కలిసిపోయాయి, సీసం మిగిలింది.

వీళ్ళు పంపినవాటికి ఆ కాలువే లేదు! అంచు చుట్టూ వేలితో తడిమి చూశాను, అంతా నున్నగా ఉంది. కాగితంలో ‘పురాతన నాణెం’ అని కూడా రాశారు. తాడు పట్టని సీలు ఏం సీలండీ?

లోహం కూడా సీసం కాదు. గంటస్తంభం దగ్గర నగల పని చేసే మా స్నేహితుడు ఆకురాయితో అంచు గీకి, “జింకు బావా, పైన నల్లరంగు పూశారు” అన్నాడు. ఇది తప్పు పట్టను. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు సీసం లేకపోవడమే మేలు. కాకపోతే ఆ మాట ముందే రాయాల్సింది.

మొదటి బిళ్ళ ఒక స్ట్రాటెగోస్‌ది. అంటే ఒక రాష్ట్రానికి సైన్యం, పాలన రెండూ చూసే అధికారి. ముందువైపు సిలువ ఆకారంలో అల్లిన అక్షరాలు: ‘దేవమాతా, నీ సేవకునికి సాయం చెయ్యి’ అని. వెనక పేరు, స్పథారియోస్ అనే బిరుదు, పదవి. బిరుదు వేరు, పదవి వేరు, రెండూ వేయించుకునేవారు. ప్రమోషన్ వస్తే కొత్త దవడలు చెక్కించుకోవాల్సిందే. అందువల్ల ఒకే మనిషి ముద్రలు నాలుగైదు దొరికితే సర్వీసు రిజిస్టరు చదివినట్టే. ఈ నమూనాలో వెనక అక్షరాలు అరిగినట్టు పోతపోశారు, పదవి పేరు కూడబలుక్కోవాలి.

రెండోది మాత్రం నిజంగా బాగుంది. కొమ్మెర్కియారియోస్‌ది, సర్కారు గిడ్డంగుల అధికారి అన్నమాట. నిలబడ్డ చక్రవర్తి రెండో జస్టీనియన్, చేతిలో సిలువ ఉన్న గోళం, పక్కన ఈటా అనే గ్రీకు అక్షరం. ఈటా అంటే 8, ఇండిక్షన్ సంవత్సరం. ఇండిక్షన్ అంటే వాళ్ళు ఏళ్ళు లెక్కపెట్టుకున్న 15 ఏళ్ళ చక్రం, అంకె ఏటా సెప్టెంబరు 1న మారేది. ఉత్త 8 అంటే ఏ చక్రంలోదో తెలియదు. కానీ ఇది జస్టీనియన్ తొలి పాలన నాటిదైతే, ఆ పాలన 685 నుంచి 695 వరకే కాబట్టి, అందులో పడే 8 ఒక్కటే: 694 సెప్టెంబరు నుంచి 695 ఆగస్టు. పదమూడు వందల ఏళ్ళ నాటి గిడ్డంగి సీలుకు ఏడాది కట్టగలగడం నాకు భలే నచ్చింది. ఈ లెక్క కాగితంలో ఒక్క ముక్క లేదు.

మన కళింగ గాంగుల రాగిరేకులకూ ఉంగరం మీద నంది ముద్ర ఉంటుంది. అది దానశాసనం, తరతరాలు దాచుకునేది. ఈ సీసం చాలావరకు ఆఫీసు టపా కోసం.

కొనే ముందు వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ అనే పరిశోధన సంస్థ వెబ్‌సైటు చూడండి. వాళ్ళ దగ్గర దాదాపు 17,000 ముద్రలున్నాయి, చాలావాటికి రెండువైపులా ఫొటోలు, చదివిన పాఠంతో సహా ఉచితం. ఈ సెట్టుకు అయిదులో రెండున్నర స్టార్లు. రెండో బిళ్ళ ఒక్కటే మూడు నాలుగు వందలకు ఇస్తే కళ్ళు మూసుకుని కొనొచ్చు. అంచుకు కన్నం వేసి పంపమని అమ్మకందారుకు మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.