మానసిక జబ్బులకు జన్యు పరీక్ష కిట్టు: మందుల భాగం కొనొచ్చు, ముప్పు భాగం వద్దు

శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు ఈమధ్య ఈ కిట్టు గురించి ఎక్కువగా అడుగుతున్నాయి. ఒకే డబ్బాలో రెండు వేర్వేరు పరీక్షలుంటాయి. ఏ మందు ఒంట్లో ఎంత వేగంగా ఖర్చవుతుందో చెప్పేది ఒకటి. జబ్బు వచ్చే ముప్పు ఎంతో చెబుతాననేది రెండోది. మొదటిదానికి 5కి 3న్నర ఇస్తాం, రెండోదానికి 1.

ముందు శాంపిల్ సంగతి. ఉమ్మి పట్టడానికి అరగంట ముందు నుంచి తిండి, టీ, కిళ్లీ, ఖైనీ, బీడీ ఏదీ ఉండకూడదు. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దావిడలకు ఇది విడమరిచి చెప్పాలి. గొట్టంలో గీత దాకా నిండాల్సింది ఉమ్మి. నురగ లెక్కలోకి రాదు, నురగ చూసి నిండిందనుకుంటే శాంపిల్ చాలదు. తర్వాత మూత బిగిస్తే అందులోని ద్రవం కిందికి దిగుతుంది, అప్పుడు బాగా కలపాలి. ట్రైహెక్సిఫెనిడిల్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు వాడేవాళ్లకు నోరు పిడచగట్టుకుపోయి ఉంటుంది. వాళ్లను గంటసేపు గొట్టం పట్టుకుని కూర్చోమనడం అన్యాయం. ఊదారంగు మూత గొట్టంలో నెత్తురు తీసుకుంటారేమో ల్యాబును ముందే అడగండి.

మందుల భాగంలో చూడాల్సినవి సీవైపీ2సీ19, సీవైపీ2డీ6. మందులను ఒంట్లో ఖర్చు చేసే ఎంజైముల జన్యువులివి. మొదటిది నెమ్మదిగా పనిచేసే మనిషికి ఎస్సిటాలోప్రామ్ (డిప్రెషన్ మందు) మామూలు మోతాదులోనే రక్తంలో పేరుకుంటుంది. రెండోది నెమ్మదైతే రిస్పెరిడోన్‌తో (భ్రమలకు ఇచ్చే మందు) అదే తంటా. కార్బమజెపిన్ (ఫిట్స్‌కూ, మూడ్ జబ్బుకూ ఇచ్చే మందు) మొదలుపెట్టబోతుంటే హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యు రకం ప్యానెల్‌లో, అంటే పరీక్షించే జన్యువుల జాబితాలో, ఉందో లేదో తప్పక అడగండి. ఆ రకం ఉన్నవాళ్లకు ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడే ప్రమాదం ఎక్కువ. ఆసియా మూలాలున్నవాళ్లకు ముందే పరీక్ష చేయమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే చెప్పింది. మూడ్ జబ్బుకు వాడే లిథియానికి మాత్రం ఈ డబ్బాతో పని లేదు, దాని మోతాదు తేల్చేది రక్తంలో లిథియం లెవెల్ పరీక్షే.

రిపోర్టుకు అందనివీ ఉన్నాయి. బీడీ, చుట్ట పొగ క్లోజపిన్, ఓలాంజపిన్ అనే భ్రమల మందులను త్వరగా ఖర్చు చేయిస్తుంది. ఆసుపత్రిలో చేరి బీడీ మానేయగానే అదే మోతాదు ఎక్కువైపోయి మనిషి మత్తుగా పడి ఉంటాడు. అలాగే ఫ్లూఆక్సెటిన్ (డిప్రెషన్ మందు) వాడుతుంటే, జన్యువు మామూలుగానే ఉన్నా సీవైపీ2డీ6 మందగిస్తుంది. అందుకే రిపోర్టుతోపాటు వాడుతున్న మందులన్నీ, పొగ అలవాటూ డాక్టరుకు చెప్పాలి.

ఇక ముప్పు స్కోరు. ఇంట్లోవాళ్లు అసలు కొనేది దీనికోసమే. "మా చిన్నగుంటకీ వస్తాదేటండీ?" అన్నదే వాళ్ల ప్రశ్న, దాని వెనక పెళ్లి సంబంధం ఉంటుంది. భ్రమలు, లేని మాటలు వినిపించడం ఉండే స్కిజోఫ్రీనియా మామూలుగా నూటికి ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే నూటికి దాదాపు 10 మందికి. అంటే 90 మందికి రాదు. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో కూడా ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చేది సగం మందికి మించదు. 2022లో వచ్చిన పెద్ద అధ్యయనం ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యుపటంలో 287 చోట్లను గుర్తించింది, ఒక్కొక్కదాని ప్రభావం అణుమాత్రం. పైగా ఇలాంటి స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలవారి డేటాతో కట్టినవి, మనవాళ్లకు సరిగా అతకవు. సైకియాట్రిస్టు దగ్గర కూర్చుని మూడు తరాల్లో ఎవరికి ఏముందో రాయిస్తే ఇంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

దీనివల్ల జరిగే హాని చిన్నది కాదు. "చూశావా, మీ పుట్టింటి నుంచే వచ్చింది" అని కోడలి మీదికి పోయే మాటకు ఈ కాగితం ఆధారమైపోతుంది. ఒక్కరి శాంపిల్‌తో ఏ వైపు నుంచి వచ్చిందో ఏ ల్యాబూ చెప్పలేదు. తనవల్ల తప్పేమీ లేదని ఊరట పడే రోగులున్నారు. "నా రక్తంలోనే ఉంది, ఇక తగ్గదు" అని మందు మానేసేవాళ్లూ ఉన్నారు. ఆ మాట అనిపించకుండా వివరించే మనిషి ఈ సర్వీసులో లేకపోవడమే మేము మార్కులు కోసిన అసలు కారణం.

పుట్టుకతో గుండె లోపమో, అంగిలి చీలికో, చదువులో వెనకబాటో ఉండి తర్వాత భ్రమలు మొదలైతే మాత్రం దారి వేరు. అది 22క్యూ11.2 డిలీషన్ (22వ క్రోమోజోములో చిన్న ముక్క లేకపోవడం) కావచ్చు, దానికి వేరే పరీక్ష అడగాలి.

రెండు మందులు సరైన మోతాదులో ఆరేసి వారాలు వాడినా గుణం కనిపించనివాళ్లు, కొద్ది మోతాదుకే దుష్ప్రభావాలు వచ్చినవాళ్లు మందుల భాగం ఒక్కటే ఇమ్మని అడగండి. మిగతావాళ్లు ఆ వేల రూపాయలు నెలనెలా మందులకూ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్లే ఖర్చులకూ దాచుకోవడం మేలు. సందేహాలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉచితం.

ఫారంలో రోగి ఫోన్ నంబరే రాయించండి, సంతకమూ రోగిదే ఉండాలి. రిపోర్టు ఆ నంబరుకే వస్తుంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగికే ఇచ్చింది.